బార్న్‌స్లీ: సంత నుంచి బొగ్గు దాకా, బొగ్గు తరువాత

ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని దక్షిణ యార్క్‌షైర్‌లో, డియర్న్ నది ఒడ్డున, లీడ్స్, షెఫీల్డ్ నగరాలకు ఇంచుమించు నడిమధ్యన ఉన్న పట్టణం బార్న్‌స్లీ. 13వ శతాబ్దంలో రాజశాసనంతో వారపు సంతగా స్థిరపడి, 18వ శతాబ్దంలో అవిసె నార బట్టల నేతకూ, 19వ శతాబ్దంలో గాజు సీసాలకూ, అన్నిటినీ మించి బొగ్గుకూ పేరుపొందిన ఈ పట్టణ పరిధిలో చివరి భూగర్భ గని 1994లో మూతపడింది. బార్న్‌స్లీ అనగానే బ్రిటన్‌లో ఎవరికైనా బొగ్గే గుర్తుకు వస్తుంది గాని, ఏడున్నర శతాబ్దాలకు పైబడిన పట్టణ చరిత్రలో లోతు గనుల కాలం దాదాపు ఒకటిన్నర శతాబ్దం మాత్రమే. సంత అంతకు ముందూ ఉంది, గనులు పోయిన తరువాతా నడుస్తున్నది. అయినా ఈ ఊరి మనుషుల స్వభావాన్నీ, సంఘటిత శక్తినీ, దుఃఖాన్నీ తీర్చిదిద్దింది మాత్రం ఆ ఒకటిన్నర శతాబ్దమే.

సంత పుట్టుక

ఇంగ్లండ్ రాజు విలియం తన రాజ్యంలోని భూములనూ వాటి రాబడినీ ఊరూరా లెక్క కట్టించి 1086లో రాయించిన డూమ్స్‌డే గ్రంథంలో ఈ ఊరు బెర్నెస్లాయి పేరుతో కనిపిస్తుంది. అప్పటికి అది ఇల్బర్ట్ డి లేసీ అనే నార్మన్ ప్రభువు ఏలుబడిలోని చిన్న పల్లె; ఇప్పటి పట్టణ కేంద్రానికి కొంత ఎడంగా, తరువాతి వారు పాత బార్న్‌స్లీ అని పిలిచిన చోట ఉండేది. 1150లలో అది పాంటిఫ్రాక్ట్‌లో ఉన్న క్లూనీ సంప్రదాయపు క్రైస్తవ మఠానికి దఖలు పడింది. షెఫీల్డ్ నుంచి వేక్‌ఫీల్డ్‌కూ, రాథరమ్ నుంచి హడర్స్‌ఫీల్డ్‌కూ, చెషైర్ నుంచి డాంకాస్టర్‌కూ పోయే దారులు కలిసే చోటును గుర్తించి, మఠం వారు అక్కడ కొత్త ఊరు కట్టించారు. పల్లె పట్టణం కావడానికి మూలకారణం ఆ కూడలే.

ఆనాటి ఇంగ్లండ్‌లో రాజు అనుమతి లేనిదే సంత పెట్టడానికి వీలులేదు. 1249లో మూడో హెన్రీ రాజు ఇచ్చిన శాసనంతో ప్రతి బుధవారం సంత జరుపుకునే హక్కూ, సెప్టెంబరు 29న మైకేల్ దేవదూత పేర వచ్చే మైకెల్‌మస్ పండుగ సందర్భంగా ఏటా నాలుగు రోజుల తిరునాళ్ల హక్కూ బార్న్‌స్లీకి దక్కాయి. సంతలో దుకాణం పరిచినవారి నుంచి వసూలయ్యే ఆశీలు ఊరి యజమాని అయిన మఠానికి చేరేది. ఆ శతాబ్దం ముగిసేలోగా తిరునాళ్లు ఏడాదికి మూడయ్యాయి. ఊరి అంచున ఉన్న మంక్ బ్రెటన్ మఠం కూడా ఆ కాలానిదే. 1150లలో ఆడమ్ ఫిట్జ్ స్వేన్ స్థాపించిన ఆ మఠం మొదట పాంటిఫ్రాక్ట్‌కు లోబడి ఉండి, ఎడతెగని పెత్తనపు తగాదాల తరువాత 1281లో బెనెడిక్టైన్ సంప్రదాయానికి మారింది. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసిన కాలంలో, 1538లో, అదీ అంతరించింది. దాని శిథిలాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

మఠాలు పోయినా సంత పోలేదు. 17వ శతాబ్దంలో లీడ్స్, షెఫీల్డ్‌ల నుంచి లండన్‌కు పోయే బండ్లు ఆగే మజిలీగా ఊరు పెరిగింది. ఇనుప తీగ లాగడం, గాజు చేయడం చేతివృత్తులుగా ఉండేవి. మే డే గ్రీన్ అనే మైదానం చుట్టూ, మార్కెట్ హిల్ అనే ఎగువ వీధిలోనూ జరిగిన వ్యాపారమే అప్పటి పట్టణానికి ఆధారం.

నార బట్టలు, కాలువ

అవిసె మొక్క కాండం నుంచి తీసిన నారతో నేసే బట్ట లినెన్. 18వ శతాబ్దం మధ్యనుంచి ఈ నేత బార్న్‌స్లీకి ప్రధాన వృత్తి అయింది. ఇళ్ల అడుగున నేలమాళిగల్లో మగ్గాలు పెట్టుకుని నేసిన ఈ కార్మికులు కూలి తగ్గించినప్పుడల్లా ఎదురు తిరిగేవారు. 1830, 40 దశకాలలో సామాన్యులకు ఓటు హక్కు కోరుతూ సాగిన చార్టిస్టు ఉద్యమానికి ఇక్కడి నేతపనివారు గట్టి అండ. మరమగ్గాలు వచ్చి, అంతకన్నా చవకైన నూలు బట్ట పోటీకి నిలిచేసరికి చేనేత క్షీణించింది. గని కార్మికులకు దక్కిన కీర్తిలో నేతపనివారి పోరాటం కొంత మరుగున పడిపోయింది గాని, సంఘటితంగా నిలబడడం ఈ ఊరు మొదట నేర్చుకున్నది మగ్గాల దగ్గరే.

1793లో పార్లమెంటు చట్టంతో అనుమతి పొంది 1799లో తెరుచుకున్న బార్న్‌స్లీ కాలువ వేక్‌ఫీల్డ్ సమీపంలో యార్క్‌షైర్‌లోని పెద్ద జలమార్గంతో కలిసింది. అప్పటిదాకా బండ్ల మీద కొద్ది దూరమే పోగలిగిన బొగ్గు పడవల్లో దూర ప్రాంతాలకు పోసాగింది. 1840లో ఉత్తర మిడ్‌లాండ్ రైలుమార్గం పట్టణానికి తూర్పున కడ్వర్త్ వరకు వచ్చింది. 1850 నాటికి రైలు పట్టణంలోకే చేరింది. బొగ్గు వ్యాపారం స్థానిక అవసరం స్థాయిని దాటి భారీ పరిశ్రమగా మారింది ఈ పదేళ్ల మలుపులోనే.

బార్న్‌స్లీ పొర

ఇక్కడి బొగ్గు సుమారు 31 కోట్ల ఏళ్ల క్రితం, కార్బోనిఫెరస్ యుగం అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే కాలంలో, చిత్తడి అడవులు మట్టి కింద అణగి ఏర్పడింది. ఒకదానిపై ఒకటి పరుచుకున్న అనేక పొరలలో సిల్క్‌స్టోన్ పొర, బార్న్‌స్లీ పొర ముఖ్యమైనవి. బార్న్‌స్లీ పొర కొన్ని చోట్ల 3 మీటర్ల దాకా మందం ఉండి, దాని నడుమ భాగంలోని గట్టి బొగ్గు ఆవిరి యంత్రాలకు ఎంతో అనుకూలంగా ఉండేది. ఈ పొరలు పడమట నేల పైకి తేలి, తూర్పుకు పోయేకొద్దీ వాలుగా లోతుకు దిగుతాయి. అందువల్ల పాత గనులన్నీ పడమటి పల్లెల్లో చిన్నవిగా, తక్కువ లోతులో మొదలయ్యాయి. తరువాత పెట్టుబడి పెరిగినకొద్దీ తూర్పుకు జరుగుతూ, 1890లలో గ్రైమ్‌థార్ప్ వంటి చోట్ల లోతైన బావులు తవ్వారు. ఆ బావుల చుట్టూ గని కోసమే వెలసిన ఊళ్లు బార్న్‌స్లీ సంతకు కొత్త ఖాతాదారులయ్యాయి.

బార్న్‌స్లీ పొరకు రెండు దుర్గుణాలున్నాయి. దానిలో మీథేన్ వాయువు ఎక్కువ. తవ్వి వదిలిన బొగ్గు తనంతట తాను వేడెక్కి రగులుకునే స్వభావమూ ఉంది. లాభం తెచ్చిన పొరే ప్రాణాలూ తీసింది.

హస్కర్ పిల్లలు, ఓక్స్ గని

19వ శతాబ్దపు తొలి భాగంలో భార్యాభర్తలూ పిల్లలూ కలిసి గనిలోకి దిగడం సాధారణం. తండ్రి బొగ్గు కొడితే పెద్ద పిల్లలు తోపుడు తొట్లు లాగేవారు. పసివాళ్లు గాలి తలుపుల దగ్గర కూర్చునేవారు. గనిలో గాలి సరైన దారిన పోవాలంటే సొరంగాల్లోని చెక్క తలుపులు మూసి ఉండాలి, తొట్టి వచ్చినప్పుడు తెరవాలి. ఆ పనికి పెద్దల బలం అక్కరలేదు కాబట్టి ఆరేడేళ్ల పిల్లలను పెట్టేవారు. పట్టణం పక్కనే ఉన్న గాబర్ గనిలో ఈ పని చేసిన సారా గూడర్ అనే ఎనిమిదేళ్ల బాలిక వాంగ్మూలం 1842 నాటి ప్రభుత్వ నివేదికలో ఉంది. దీపం లేకుండా కూర్చోవడం తనకు భయమనీ, తెల్లవారుజామున నాలుగింటికే, ఒక్కోసారి ఇంకా ముందే, గనికి వస్తాననీ, వెలుతురు ఉన్నప్పుడు పాడుకుంటాననీ, చీకట్లో పాడే ధైర్యం ఉండదనీ ఆ పాప విచారణాధికారికి చెప్పింది.

ఆ విచారణకు దారితీసిన సంఘటనలలో ముఖ్యమైనది బార్న్‌స్లీకి పడమట ఉన్న సిల్క్‌స్టోన్‌లో జరిగింది. 1838 జూలై 4న పిడుగులతో కూడిన కుండపోత వానకు బావి పైనున్న ఆవిరి యంత్రపు నిప్పు ఆరిపోయి, కార్మికులను పైకి లాగే సాధనం ఆగిపోయింది. కింద ఉన్నవారిని అక్కడే ఆగమని కబురు పంపినా, గంటల తరబడి చీకట్లో ఉన్న సుమారు 40 మంది పిల్లలు హస్కర్ గని వాలుదారి గుండా అడవిలోకి బయటపడాలని బయలుదేరారు. సింగరేణి గనుల్లో ఇంక్లైన్ అని పిలిచేది ఇటువంటి వాలుదారినే. వాళ్లు ఒక గాలి తలుపు దాటి ఎక్కుతుండగా, పైన పొంగిన వాగు ఆ దారిలోకి విరుచుకుపడింది. నీటి తోపుకు పిల్లలు మూసుకున్న తలుపు మీదికి కొట్టుకొచ్చారు. 7 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లలు 26 మంది, 15 మంది బాలురు, 11 మంది బాలికలు, అక్కడే మునిగి చనిపోయారు.

సిల్క్‌స్టోన్ చర్చి ఆవరణలో 1841లో నిలిపిన స్మారక స్తంభం మీద ఆ పేర్లు, వయసులు చెక్కి ఉన్నాయి. దాని మీది రాత ఈ మరణాలను దైవ సంకల్పంగా వర్ణిస్తుంది. పిల్లలు ఆ వేళ భూమి లోపల ఎందుకు ఉన్నారన్న ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్న లండన్‌లో లేచింది. పార్లమెంటు నియమించిన సంఘం దేశమంతటి గనులలో పిల్లల వాంగ్మూలాలు సేకరించి బొమ్మలతో సహా ప్రచురించగా, 1842 గనుల చట్టం స్త్రీలనూ, పదేళ్ల లోపు బాలురనూ భూగర్భంలో పనికి పెట్టడాన్ని నిషేధించింది. బాల కార్మికుల చట్టాల చరిత్రలో ఇది పెద్ద ముందడుగే అయినా, పది నిండిన బాలుణ్ణి అది గనిలోనే వదిలేసింది.

1857 ఫిబ్రవరిలో వూంబ్‌వెల్ దగ్గర లండ్‌హిల్ గనిలో జరిగిన పేలుడులో 189 మంది చనిపోయారు. ఆ గాయం మానకముందే ఓక్స్ గని ప్రమాదం వచ్చింది. పట్టణానికి తూర్పున బార్న్‌స్లీ పొర మీద నడిచే ఓక్స్ గనిలో 1847లోనే ఒక పేలుడు 73 ప్రాణాలు తీసింది. 1866 డిసెంబరు 12న మధ్యాహ్నం, 300 మందికి పైగా లోపల ఉండగా, మీథేన్ అంటుకుని మరో మహా విస్ఫోటం జరిగింది. గనిలో పేలుడు అంటే మంట ఒక్కటే కాదు. ఎగిసిన బొగ్గు ధూళి దాన్ని సొరంగమంతా పాకిస్తుంది, మంటకు దూరంగా ఉన్నవారిని తరువాత వ్యాపించే విషవాయువు చంపుతుంది. చుట్టుపక్కల గనుల నుంచి ఇంజనీర్లూ కార్మికులూ సహాయానికి దిగారు. మరునాటి ఉదయం రెండో పేలుడు వారిలో 27 మందిని బలిగొన్నది. వారిలో పార్కిన్ జెఫ్‌కాక్ అనే గనుల ఇంజనీరు ఉన్నాడు.

ఇక లోపల ఎవరూ బతికి ఉండరని అనుకున్న తరువాత, 14వ తేదీ తెల్లవారుజామున బావి అడుగు నుంచి గంట మోగింది. తాడు, కేజ్ అనే లిఫ్టు పాడైపోయిన ఆ బావిలోకి, మరో పేలుడు ఏ క్షణాన జరుగుతుందో తెలియని స్థితిలో, ఎంబుల్టన్, మామట్ అనే ఇద్దరు ఇంజనీర్లు దిగి, శామ్యూల్ బ్రౌన్ అనే కార్మికుణ్ణి ప్రాణాలతో పైకి తెచ్చారు. మృతుల సంఖ్య 361గా నమోదైంది; ఇంగ్లండ్ గనుల చరిత్రలో ఇంతకు మించిన ప్రమాదం లేదు. ఒకటిన్నర శతాబ్దం తరువాత స్థానిక స్వచ్ఛంద పరిశోధకులు మృతుల పేర్లు ఒక్కొక్కటిగా వెదికి, ఆ సంఖ్యను 383గా తేల్చారు. పాత లెక్కలో చోటు దక్కని ఆ మనుషులకు ఇంత కాలానికైనా పేరు దక్కింది. సహాయానికి వెళ్లి మరణించినవారికి 1913లో డాంకాస్టర్ రోడ్డు మీద కంచు విగ్రహంతో స్మారకం వెలసింది. గని కార్మికుల కోసం పట్టణం నడిబొడ్డున గ్రాహమ్ ఇబ్బెసన్ చేసిన శిల్పం 2017 దాకా రాలేదు.

గాజు సీసాలు

బొగ్గు చవకగా దొరికే చోట గాజు కొలుములు వెలగడం సహజం. బార్న్‌స్లీ గాజు పరిశ్రమతో తెలుగువారికి ఒక సంబంధం ఉంది; అది గోలీసోడా సీసా. హైరమ్ కాడ్ అనే ఆంగ్ల ఇంజనీరు 1872లో పేటెంటు పొందిన ఈ సీసాలో మూత ఉండదు. మెడ లోపల రబ్బరు ఉంగరం, దానికి కింద గాజు గోలీ ఉంటాయి. సీసాను తలకిందులుగా పట్టి గ్యాసుతో సోడా నింపితే, లోపలి ఒత్తిడి గోలీని పైకి నెట్టి రబ్బరు ఉంగరానికి బిగిస్తుంది. గోలీని వేలితోనో చెక్క బిరడాతోనో కిందికి నొక్కినప్పుడు గ్యాసు వెలువడి సీసా తెరుచుకుంటుంది. నొక్కిన గోలీ తాగేటప్పుడు అడ్డం పడకుండా మెడను నొక్కుగా మలచడమే ఇందులోని పనితనం. ఆ ఆకారాన్ని సరిగా పోత పోయగల కర్మాగారం కోసం వెదికిన కాడ్ 1870లలో బార్న్‌స్లీ శివారు స్టెయిర్‌ఫుట్‌లోని హోప్ గాజు కర్మాగారం యజమాని బెన్ రైలాండ్స్‌తో భాగస్వామి అయ్యాడు. రైలాండ్స్ కొడుకు డాన్ ఆ వ్యాపారాన్ని ఎన్నో రెట్లు పెంచాడు. యూరప్‌లో ఆ సీసా పాతవస్తువులు సేకరించేవారి అలమరాలకు పరిమితమైంది; ఆంధ్ర, తెలంగాణ వీధుల్లో మాత్రం నిమ్మకాయ సోడా బండి మీద ఇప్పటికీ పనిచేస్తున్నది.

కార్మిక సంఘం, సమ్మెలు

1858లో ఏర్పడ్డ దక్షిణ యార్క్‌షైర్ గని కార్మికుల సంఘం 1874లో బార్న్‌స్లీలో తన సొంత భవనం కట్టుకుంది. బురుజులతో చిన్న కోటలా కనిపించే ఆ కట్టడం గని యజమానుల బంగళాలకు ఏమాత్రం తీసిపోదు. కార్మికుల చందాలతో అటువంటి భవనం లేపడం ఆనాడు ఒక ప్రకటన. 1947 జనవరి 1న గనులన్నీ జాతీయమయ్యాయి. యజమాని పోయి ప్రభుత్వ బోర్డు వచ్చింది. స్నానపు గదులు, వైద్యం, భద్రత మెరుగుపడ్డాయి. అంతకు ముందు, 1936 మార్చిలో ఇక్కడ కొన్నాళ్లుండి గనుల్లోకి దిగి చూసిన రచయిత జార్జ్ ఆర్వెల్, కొత్త ఇళ్లూ స్నానశాలలూ చాలక జనం ఇబ్బంది పడుతుంటే నగరపాలక సంస్థ భారీ టౌన్ హాలుకు డబ్బు పోయడాన్ని తప్పుపట్టాడు. 1933లో తెల్లని పోర్ట్‌లాండ్ రాతితో కట్టిన ఆ టౌన్ హాలే ఇప్పుడు పట్టణానికి ఆనవాలు. ఆర్వెల్ విమర్శ న్యాయమైనదే, ఆ భవనం అందమైనదే.

1984 మార్చిలో, బార్న్‌స్లీకి దగ్గరలోని కార్టన్‌వుడ్ గనిని మూసివేస్తామన్న ప్రకటనతో మొదలైన సమ్మె ఏడాది పాటు దేశాన్ని కుదిపింది. సమ్మెకు నాయకుడైన జాతీయ గని కార్మికుల సంఘం అధ్యక్షుడు ఆర్థర్ స్కార్గిల్ 1938లో బార్న్‌స్లీ శివారు వర్స్‌బరో డేల్‌లో పుట్టి, పదిహేనేళ్లకే వూలీ గనిలో పనికి చేరినవాడు. వేతనాలు ఆగిపోయిన ఆ సంవత్సరం స్త్రీలు ఉమ్మడి వంటశాలలు నడిపారు; 1984 మేలో దేశం నలుమూలల గని ఊళ్ల మహిళలు వేల సంఖ్యలో బార్న్‌స్లీలో ప్రదర్శన జరిపారు. 1842 చట్టం గని నుంచి బయటికి పంపిన స్త్రీలు గనుల రాజకీయాల మధ్యకు వచ్చింది అప్పుడే. 1985 మార్చిలో కార్మికులు ఒప్పందమేదీ లేకుండా, బ్యాండు మేళాలతో తలెత్తుకుని తిరిగి పనిలోకి వెళ్లారు. గనులు మాత్రం నిలవలేదు. 1985లో బారో, 1991లో బార్న్‌స్లీ మెయిన్, 1993లో గ్రైమ్‌థార్ప్, 1994లో గోల్డ్‌థార్ప్ మూతపడ్డాయి. బొగ్గు అయిపోయి గనులు మూతపడలేదు. చవకైన దిగుమతి బొగ్గు, సహజ వాయువు, ప్రభుత్వ విధానం కలిసి మూసివేయించాయి. ప్రత్యామ్నాయ ఉపాధి సిద్ధం చేయకుండా ఒక్క దశాబ్దంలో ఒక ప్రాంతపు జీవనాధారాన్ని తీసివేసిన పద్ధతి అన్యాయమైనది. దాని ఫలితంగా గ్రైమ్‌థార్ప్ ఇంగ్లండ్‌లోని అతి పేద గ్రామాల్లో ఒకటైంది.

మిగిలినవి, కొత్తగా వచ్చినవి

గ్రైమ్‌థార్ప్ గని మూతపడినా 1917లో ఆ గని కార్మికులు పెట్టుకున్న ఇత్తడి వాద్యబృందం బతికింది. దాని కథ ఆధారంగా 1996లో ‘బ్రాస్డ్ ఆఫ్’ అనే సినిమా వచ్చింది. అంతకు ముందే, హాయ్‌లాండ్ కామన్‌లో పుట్టిన బారీ హైన్స్ 1968లో రాసిన నవలను కెన్ లోచ్ మరుసటి ఏడాది ‘కెస్’ పేరుతో ఇక్కడి యాసలోనే సినిమాగా తీశాడు. గని కార్మికుడి తమ్ముడు ఒక డేగపిల్లను పెంచుకునే కథ అది. హైడ్రాలిక్ ప్రెస్సును 1795లో కనిపెట్టిన జోసెఫ్ బ్రామా ఈ ప్రాంతంలో పుట్టినవాడు. రైలుమార్గాల ఇంజనీరు జోసెఫ్ లాక్ ఇక్కడి బడిలో చదివాడు, ఆయన పేర ఆయన భార్య 1862లో పట్టణానికి ఇచ్చిన తోట లాక్ పార్కు.

బొగ్గు తరువాత ఏం చేయాలన్న దానిపై ఎన్నో ఆలోచనలు సాగాయి. ఇటలీలోని కొండ మీది పట్టణాల నమూనాలో బార్న్‌స్లీని మార్చాలని 2000ల తొలినాళ్లలో వాస్తుశిల్పి విల్ ఆల్సప్ వేసిన పథకం కాగితం మీదే ఉండిపోయింది. డియర్న్ లోయలో బొగ్గు తవ్వకాల వల్ల కుంగి, మురికిపట్టిన నేలలో ఓల్డ్ మూర్ వద్ద చిత్తడి నేలల పక్షి సంరక్షణ కేంద్రం వెలసింది. సంతను కేంద్రంగా పెట్టుకుని కట్టిన గ్లాస్ వర్క్స్ అనే కొత్త వ్యాపార సముదాయం 2021లో పూర్తయింది. పాత కాంక్రీటు మార్కెట్ స్థానంలో వచ్చిన ఆ సముదాయం పేరు పట్టణపు గాజు పరిశ్రమను స్మరిస్తుంది.

వారసత్వ కట్టడాలలో పరిశోధకులకు అన్నిటికన్నా విలువైనది పట్టణానికి దక్షిణాన ఎల్సెకార్ గ్రామంలో ఉంది. గనిలో ఊరే నీటిని తోడడానికి 1795లో ఫిట్జ్‌విలియం ప్రభువు గనిలో బిగించిన న్యూకామెన్ ఆవిరి యంత్రం 1923 దాకా పనిచేసి, ప్రపంచంలో మొదట బిగించిన చోటే మిగిలిన ఏకైక న్యూకామెన్ యంత్రంగా ఇప్పటికీ నిలిచి ఉంది. పట్టణంలో టౌన్ హాలులో 2013 నుంచి నడుస్తున్న ‘ఎక్స్‌పీరియన్స్ బార్న్‌స్లీ’ మ్యూజియం స్థానికులు ఇచ్చిన వస్తువులతో ఊరి కథ చెబుతుంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువారికి లీడ్స్, షెఫీల్డ్‌ల నుంచి బార్న్‌స్లీకి నేరుగా రైళ్లున్నాయి, మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. ఒక్క పూటే వీలు చిక్కితే ముందుగా చూడవలసింది మాత్రం సిల్క్‌స్టోన్ చర్చి ఆవరణలో 26 పేర్లున్న స్తంభం.